అలిగిన ఇరవై తొమ్మిది

అక్టోబరు 4, సోమవారం

మా ఆవిడ ముంతహా పొద్దున్నే జూనియె వెళ్ళింది. వాళ్ళక్క అదేల్‌కి మోకాలు నొప్పి. రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. తలగడ, కాఫీ కాచుకునే గిన్నె, చలికోటు పట్టుకెళ్ళింది. జూనియె సముద్రం ఒడ్డున ఉంది, అక్కడ ఇంకా చెమటలు కక్కుతుంటారు. ఆడవాళ్ళకి ముందుజాగ్రత్త ఎక్కువ.

ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేదు కాబట్టి కళ్ళద్దాల కంపెనీవాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన ఈ డైరీ బయటికి తీశాను. జనవరి నుంచి అన్ని పేజీలూ ఖాళీయే.

సాయంత్రం లోటో డ్రా. ఇరవై తొమ్మిది రాలేదు.

అక్టోబరు 5

మా కళ్ళద్దాల షాపుకి ఎదురుగా జిర్జీ బడ్డీకొట్టు. సిగరెట్లు, చూయింగ్ గమ్, లోటో టికెట్లు. జహ్లె ఊళ్ళో ఎవరింట్లో ఏ కూర మాడిందో వాడికి ముందు తెలుస్తుంది.

"ఉస్తాద్ నఖ్లే! వదిన కనబడ్డం లేదే?"

"వాళ్ళక్కకి మోకాలు నొప్పి. జూనియె వెళ్ళింది."

"అయ్యో. ఏ మోకాలు?"

"ఎడమది."

"పొద్దున రొట్టెల కొట్టు దగ్గర కుడిదన్నావట?"

"రెండూ నొప్పేరా! పెద్దావిడకి రెండు మోకాళ్ళు ఉండకూడదా?"

వాడు ఈల వేసుకుంటూ సిగరెట్ పెట్టెలు సర్దుకున్నాడు. నాకా ఈల నచ్చలేదు.

రాత్రికి ముజద్దర వండాను. పప్పూ బియ్యమూ కలిపి ఉడకేసి, పైన ఉల్లిపాయలు ఎర్రగా వేయించి చల్లడమే. అంతకంటే తేలికైన వంట ప్రపంచంలో లేదు. గిన్నె నానబెట్టాను.

అక్టోబరు 7, గురువారం

రాలేదు.

అక్టోబరు 8

ఈ విషయం ఎవరూ అర్థం చేసుకోరు కాబట్టి ఇక్కడైనా సరిగ్గా రాస్తాను.

డ్రాకి నలభై రెండు బంతులు. సోమవారం ఆరు, గురువారం ఆరు బయటికొస్తాయి. జనం పుట్టినరోజులు రాస్తారు, పెళ్ళిరోజులు రాస్తారు, కలలో కనిపించిన బస్సు నంబరు రాస్తారు. నేను చూసేది స్వభావం. నేను ఇన్నేళ్ళుగా రాసి పెట్టుకున్న పాత డ్రాలన్నీ గోడకి అంటించి, ఒక గజం వెనక్కి వచ్చి చూస్తే బంతుల స్వభావం కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. పదకొండుకి సిగ్గులేదు, పిలవకుండానే వస్తుంది. మూడు, ముప్పై ఎనిమిది దొంగచాటుగా జంటగా తిరుగుతాయి. ఏడు పొగరుబోతు. ఇరవై తొమ్మిది అలిగింది. జూన్ పద్నాలుగున వచ్చి వెళ్ళింది, మళ్ళీ మొహం చూపించలేదు. అలిగినవాళ్ళు ఎప్పటికైనా రావాల్సిందే. ఎంత ఆలస్యమైతే అంత గట్టిగా వస్తారు. ఇది లెక్క.

కాగితాలకి వెలుతురున్న గోడ కావాలి. మా ఇంట్లో వెలుతురున్న గోడ భోజనాల గదిలో ఒక్కటే. అక్కడ ముంతహా వాళ్ళ నాన్న ఫొటో ఉండేది. దాన్ని పారేయలేదు. ఫ్రిజ్ వెనక పెట్టాను, అదీ గుడ్డ చుట్టి. మావగారంటే నాకు గౌరవమే.

ఫొటో గోడ మీంచి దించిన రోజు ఆయన ఆబ్దికమని నాకు గుర్తులేదు. ఇంతకీ దానికీ అదేల్ మోకాలికీ సంబంధం లేదు.

అక్టోబరు 10, ఆదివారం

ముంతహా వెళ్ళిపోయిన సంగతి కూడా లెక్క ప్రకారమే చూశాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అలిగి వెళ్ళింది, రెండ్రోజుల్లో వచ్చేసింది. ఇల్లు మారినప్పుడు నాలుగు రోజులు. వాళ్ళ సవతి తల్లి అంత్యక్రియల్లో నేను రేడియో విన్నప్పుడు ఆరు రోజులు. (డ్రా మాత్రమే విన్నాను. అది కూడా ఒక్క చెవితో.) అంటే రెండేసి రోజులు పెరుగుతోంది. ఈసారి ఎనిమిది. మంగళవారం పొద్దున వ్యాను దిగుతుంది.

ఇల్లు ఊడ్చాను. కనిపించే మేరకి.

అక్టోబరు 12, మంగళవారం

జూనియె దారిలో ఉన్న చ్‌తౌరా వైపు నుంచి వచ్చే వ్యాన్లన్నీ చూశాను. ఎవరో ఇద్దరు సైనికులు దిగారు, ఒకాయన టీవీ మోసుకుంటూ దిగాడు.

జూనియెకి ఫోన్ చేశాను. అదేల్ ఎత్తింది.

"స్నానం చేస్తోంది."

"నీ మోకాలు ఎలా ఉంది వదినా?"

"నా మోకాలికేమైంది?"

ఫోన్ లైను బాగాలేదు.

అక్టోబరు 13

మళ్ళీ ఫోన్ చేశాను. మళ్ళీ స్నానమే. జూనియెలో నీళ్ళకి కరువని పేపర్లో రాస్తారు, ఏం రాతలో.

అక్టోబరు 14, గురువారం

రాలేదు. (ఇరవై తొమ్మిది.)

అక్టోబరు 15

ఈరోజు వివరంగా రాయాలి.

మొన్న ఉమ్ ఫాయెజ్ వచ్చింది. మా వీధి చివర పెద్దావిడ, సూదిలో దారం ఎక్కడం లేదని గొడవ. కళ్ళు పరీక్షించి, అద్దాలు కోయించడానికి కొలతలు చీటీ మీద రాశాను. ముక్కు మధ్య నుంచి కుడి కంటికి ముప్పై ఒకటి, ఎడమ కంటికి ముప్పై. కింద అద్దం ఎత్తు పద్దెనిమిది, పదిహేడు. వంపు పది, అయిదు. చీటీ బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళి వచ్చేసరికి చీటీ లేదు, ఆవిడా లేదు. గాలికి పోయిందనుకుని ఇంకొకటి రాసుకున్నాను.

ఈరోజు పొద్దున షాపు తలుపు తీయగానే వీధి చివర్నుంచి, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కూసే కూత వినిపించింది. ముందు ఉమ్ ఫాయెజ్, తలమీద మాంసం, గోధుమరవ్వ కలిపి చేసే కిబ్బె పళ్ళెం, వెనక కోడళ్ళు.

"నాలుగు తగిలాయి నాయనా! నీ చేత్తో రాసిన నంబర్లు! నోటితో చెప్పకుండా చీటీ రాసి, నా ముందు పెట్టి, తెలియనట్టు లోపలికి వెళ్ళిపోయావు చూడు, అదీ మర్యాదంటే!"

"అమ్మా, ఆ చీటీ..."

"మాట్లాడకు! ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. దిష్టి. నేనెవరికీ చెప్పను."

ఆవిడ వెనక అప్పటికే పదిహేను మంది నిలబడి వింటున్నారు.

నేను అవుననలేదు. కాదనీ అనలేదు. కిబ్బె చాలా బాగుంది. వారం రోజులుగా నోట్లోకి పోయిన మొదటి వేడి పదార్థం.

అక్టోబరు 19

వారానికి ఆరు జతల కళ్ళద్దాలు అమ్మితే గొప్ప అనుకునేవాణ్ణి. నిన్నొక్కరోజే అంతకంటే ఎక్కువ. కళ్ళు శుభ్రంగా ఉన్నవాళ్ళు కూడా వస్తున్నారు. లారీ డ్రైవర్ ఒకడు కుర్చీలో కూచుని, కింద వరస అక్షరాలు గోడ అవతలి వీధి నుంచి కూడా చదివేటట్టున్నాడు.

"నీకు కళ్ళద్దాలు అక్కర్లేదు బాబూ."

"కావాలి ఉస్తాద్. అసలేమీ కనబడ్డం లేదు. కొలతలు మాత్రం రాసివ్వండి."

"ఈ వరస చదువు."

"ఆ వరస వద్దండీ, నంబర్లున్న వరస చూపించండి."

జిర్జీ సంబరం చూడాలి. మా షాపులోంచి బయటికి వచ్చినవాడు నేరుగా వాడి కొట్టుకే. వీధి దాటేటప్పుడు కార్లవాళ్ళు కూడా ఆగి దారిస్తున్నారు. మధ్యాహ్నం నాకు కాఫీ పంపాడు, పంచదార కూడా వేసి.

"ఉస్తాద్, ఒక మాట అడగనా? ఈ మహిమ నీకెప్పణ్ణుంచి?"

"మహిమ కాదురా. పరిశీలన."

"వదినకి ఈ సంగతి తెలుసా?"

"తెలుస్తుందిలే."

తెలిస్తే బాగుండును. ముంతహా ఇన్నేళ్ళూ నన్ను 'బంతుల పిచ్చోడు' అంది. ఇప్పుడు ఊరంతా 'ఉస్తాద్' అంటోంది. వీధిలో నిలబడి ఒక్కసారి వింటే చాలు.

అక్టోబరు 21, గురువారం

రాలేదు. ఉమ్ ఫాయెజ్ తోటికోడలు నా కొలతలతో ఒక్కటి కూడా తగల్లేదని పోట్లాటకి వచ్చింది. పుల్లింగానికీ స్త్రీలింగానికీ కొలతలు వేరని చెప్పి పంపాను. ఏం చెప్పానో నాకే తెలియదు. ఆవిడ తలూపింది.

అక్టోబరు 24, ఆదివారం

జూనియె వెళ్ళాను. బతిమాలడానికి కాదు. ఉమ్ ఫాయెజ్ మళ్ళీ పంపిన కిబ్బె మిగిలిపోతోంది, పాడవుతుందని.

కొండ మీద పొగమంచు. దహ్ర్ అల్ బైదర్ కనుమలో వ్యాను దీపాలేసుకుని పాకింది. దార్లో ఏం మాట్లాడాలో అనుకుంటూనే వెళ్ళాను. అదేల్ తలుపు తీసింది. రెండు మోకాళ్ళ మీద గట్టిగా నిలబడి ఉంది, రాయిలాగ.

"స్నానం చేస్తోందా?" అన్నాను.

"బాల్కనీలో ఉంది. మాట్లాడేది ఆలోచించి మాట్లాడు."

ముంతహా బాల్కనీలో కూచుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఎప్పుడో నాకు తెలియదు. నన్ను చూసింది, ఒలవడం ఆపలేదు.

"ఊళ్ళో అందరూ నిన్నడుగుతున్నారు," అన్నాను.

"నువ్వో?"

"నేనూ. అందుకే కదా వచ్చాను. మీ నాన్న ఫొటో దాని చోట్లో పెట్టేస్తాను. కాగితాలు కాస్త పక్కకి జరిపితే ఇద్దరికీ చోటు చాలుతుంది."

"ఇద్దరికీ అంటే? నాన్నకీ బంతులకీనా?"

తప్పుమాట వచ్చేసిందని అప్పుడే అర్థమైంది.

"సరే నఖ్లే, ఒక్కటి చెప్పు. ఆ నీ ఇరవై తొమ్మిది చివరిసారి ఎప్పుడొచ్చింది?"

"జూన్ పద్నాలుగు, సోమవారం. పదకొండు తర్వాత."

"ఆహా. మనిద్దరం బర్దౌని ఏటి ఒడ్డుకెళ్ళి కాఫీ తాగింది చివరిసారి ఎప్పుడు?"

"మేలో."

"మేలో నాకు కామెర్లు. మంచం దిగలేదు."

"అయితే జులై."

"ఏ సంవత్సరం జులై?"

లోపల అదేల్ గిన్నె కింద పడేసింది. కావాలనే. నేను సముద్రం వైపు చూశాను. ముంతహా ఒలిచిన తొక్కలు పళ్ళెంలో వేసుకుని లేచింది.

"కిబ్బె అక్కడ పెట్టు. వ్యాను అయిదింటికి వెళ్ళిపోతుంది, తర్వాత దొరకదు."

తిరిగొచ్చేటప్పుడు పొగమంచు ఇంకా చిక్కబడింది. డ్రైవరు పక్కన కూర్చోబెట్టాడు, కళ్ళ డాక్టరుకి దారి బాగా కనిపిస్తుందని.

అక్టోబరు 25, సోమవారం

రాలేదు. ఎవరూ రాలేదు.

అక్టోబరు 26

ఊరు ఊపిరి తీసుకోనివ్వడం లేదు. ఉమ్ ఫాయెజ్ తర్వాత నా చేత్తో ఇంకెవరికీ ఏమీ తగల్లేదు కదా, మాట పడే పరిస్థితి. పొద్దున లారీ డ్రైవరు కళ్ళద్దాలు వాపసు ఇవ్వడానికి వచ్చాడు. అవి పెట్టుకుని మెట్టు తప్పి పడ్డాట్ట.

జనం ముందు కుర్చీ ఎక్కి చెప్పేశాను. "కొలతలు కాదు. అవి మీ కళ్ళవి. నేను నాకోసం దాచుకున్న నంబర్లు చెబుతున్నాను. ఈ గురువారం. మూడు, పదకొండు, పదహారు, ఇరవై రెండు, ఇరవై తొమ్మిది, ముప్పై ఎనిమిది."

ఒకటే తోపులాట. జిర్జీ కొట్టు మీద సుద్దతో రాసి పెట్టాడు. నంబర్ల కింద 'ఉస్తాద్ నఖ్లే, కంటి వైద్యులు' అని కూడా రాశాడు.

రొట్టెలవాడు వాళ్ళ బావమరిదికి చెప్పాడు. ఉమ్ ఫాయెజ్ దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పకుండా కేవలం బంధువులకే చెప్పింది. ఆవిడకి బాల్‌బెక్ దాకా బంధువులే.

అక్టోబరు 28, గురువారం, సాయంత్రం ఆరు

టికెట్టు కొన్నాను.

కొనేముందు గోడ దగ్గర కాస్త నిలబడ్డాను. నాలుగు నెలలు బతిమాలాను ఈ ఇరవై తొమ్మిదిని. ప్రతి సోమవారం, ప్రతి గురువారం. దీనికోసం మాటలు పడ్డాను. మనిషి ఎంతకాలమని ఒకరి వెంట పడతాడు? రాని వాళ్ళు రానీ, మానీ. నేనూ మనిషినే. నాకూ అభిమానం ఉంది. అలిగినవాళ్ళని ఇక బతిమాలను.

ఇరవై తొమ్మిది కొట్టేసి ఇరవై నాలుగు రాశాను. ముప్పై ఎనిమిది కూడా ఎందుకో జూనియెలో వాళ్ళ వైపు మాట్లాడేటట్టనిపించింది. నలభై ఒకటి వేశాను.

మనసు తేలికపడింది.

అదే రోజు, ఎనిమిది

ఇరవై తొమ్మిది వచ్చింది.

అక్టోబరు 30, శనివారం

నిన్న రాయలేదు. రాసే స్థితిలో లేను. ఇప్పుడు మొదట్నుంచి రాస్తాను.

గురువారం టీవీలో బంతులు పడ్డాయి. మూడు. పదకొండు. పదహారు. నేను సోఫాలో లేచి కూర్చున్నాను. ముప్పై ఎనిమిది. అక్కడ జేబులోంచి టికెట్టు తీసి చూసుకున్నాను. తర్వాత బంతులు తీసే అమ్మాయి నవ్వుతూ ఇంకో బంతిని తిప్పి చూపించింది. ఇరవై తొమ్మిది. ఆఖరిది ఇరవై రెండు కాదు, ఏడు. పొగరుబోతు.

వీధిలో కేకలు. అందరికీ అయిదు! మెట్ల మీద బూట్ల చప్పుడు, తలుపు మీద గుద్దులు. తీయగానే నన్ను భుజాల మీదకెత్తేశారు. లారీ డ్రైవరు ఒక భుజం, రొట్టెలవాడు ఒక భుజం. ఇంట్లో చెప్పులతోనే వీధంతా తిప్పారు. ఉమ్ ఫాయెజ్ బాల్కనీలోంచి నా మీద బియ్యం చల్లింది. ఒక చర్చి గంట కూడా మోగినట్టనిపించింది, కానీ అది నా చెవుల్లోనే కావచ్చు.

"ఉస్తాద్! నీకెన్ని?"

"అంతే," అన్నాను. అయిదని అనలేదు. అంతే అన్నాను.

నిన్న మధ్యాహ్నం బహుమతి ఎంతో తెలిసింది. అయిదు తగిలినవాళ్ళందరికీ కలిపి ఒకే మొత్తం, దాన్ని సమానంగా పంచుతారు. మామూలుగా దేశం మొత్తం మీద ఇరవై, ముప్పై టికెట్లు ఉంటాయి. ఈసారి వెయ్యి దాటాయి.

జిర్జీ లెక్క కట్టి చూసి కొట్టులో కింద కూచుండిపోయాడట. ఒక్కో టికెట్టుకి వచ్చిన డబ్బుకి నిప్పుల మీద కాల్చిన ఒక కోడి వస్తుంది, పక్కన వెల్లుల్లి ముద్ద. బంగాళాదుంపలు అడిగితే సొంత డబ్బు వేసుకోవాలి.

రెండింటికల్లా షాపు నిండిపోయింది. గురువారం నన్ను మోసిన భుజాలే అన్నీ.

"అయిదు తగిలితే కోడా? అయిదు తగిలితే మా మావయ్య ఇల్లు కొన్నాడు!"

"అందరికీ ఎందుకు చెప్పావయ్యా? చెవిలో చెప్పాల్సిన మాట కుర్చీ ఎక్కి చెబుతావా?"

"నాకొక్కదానికే చెప్పాల్సింది నాయనా," అంది ఉమ్ ఫాయెజ్ కళ్ళు తుడుచుకుంటూ. "నేను నీ మొదటి దాన్ని కదా."

"నువ్వు బాల్‌బెక్ అంతా చెప్పలేదా?" అన్నాడు రొట్టెలవాడు.

"నా వాళ్ళు నలభై మందే! మిగతా వెయ్యీ ఎక్కడ్నుంచి వచ్చాయి?"

అందరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. అప్పుడు గుమ్మంలోంచి మాట వినిపించింది.

"జూనియె నుంచి."

ముంతహా. చేతిలో సంచి, చంకలో తలగడ. జనం దారిచ్చారు. తిన్నగా వచ్చి కళ్ళ పరీక్ష కుర్చీలో కూచుంది.

"మా అక్క వాళ్ళ మేడలో పదహారు వాటాలు," అంది. "పదహారు వాటాలకీ చుట్టాలున్నారు. కింద ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే షాపుంది. అక్కకి అక్కడ కూచుని మాట్లాడ్డం అలవాటు."

"నీకెవరు చెప్పారు నంబర్లు?" అన్నాను.

జిర్జీ పైకప్పు వైపు చూశాడు.

"రోజూ ఫోన్ చేస్తాడు పాపం," అంది ముంతహా. "నువ్వు తిన్నావో లేదో అడిగితే చెబుతాడు. తిండి సంగతి అయ్యాక నంబర్లు కూడా చెప్పాడు."

"నువ్వు లోటో ఆడావా? నువ్వా?"

"ఆ ఇరవై తొమ్మిది కోసం నా సంసారమే పోయింది నఖ్లే. తీరా అది వచ్చే రోజున నాకు వాటా ఉండొద్దా?"

షాపులో ఎవరో నవ్వారు. కోపం కొంచెం సడలినట్టయింది. అయితే లారీ డ్రైవరు వదల్లేదు. "సరే, ఉస్తాద్ కూడా కోడే కదా గెలిచాడు. చూపించండి మీ టికెట్టు. మన కష్టమే ఆయనదీ అయితే నేను నోరెత్తను."

"ఇంట్లో ఉంది."

"ఎక్కడ?" అంది ముంతహా.

"బీరువాలో."

"నీ చొక్కా జేబులో గులాబీ కాగితం కనబడుతోంది."

నేను జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను. అది పెట్టకుండా ఉండాల్సింది. ముంతహా లేచి వచ్చి, నలుగురిలో నా చెయ్యి పక్కకి తీసి, టికెట్టు లాగింది. చదవడానికి దూరంగా పట్టుకుంది. ఆవిడకి దగ్గరి చూపు తగ్గింది. ఇన్నేళ్ళుగా ఊరి కళ్ళన్నీ చూస్తున్నాను, ఆ సంగతి నిన్నటిదాకా గమనించలేదు.

"మూడు," చదివింది. "పదకొండు. పదహారు. ఇరవై రెండు." ఆగింది. "ఇరవై నాలుగు?"

కాగితాన్ని ఇంకొంచెం దూరం జరిపింది.

"నలభై ఒకటి?!"

ముందు ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. కుర్చీలో వెనక్కి పడి నవ్వడం మొదలుపెట్టింది. కాటుక కారిపోయేదాకా, ఊపిరి అందనంతగా. మధ్యమధ్య "నలభై ఒకటి!" అని అరిచి మళ్ళీ నవ్వు. ఉమ్ ఫాయెజ్ అందుకుంది. తర్వాత జిర్జీ. చివరికి లారీ డ్రైవరు గోడకి నుదురు ఆనించి నవ్వాడు.

"ఊరందరికీ కోడి, ఉస్తాద్‌కి ఈక కూడా లేదు!"

దాంతో నా మీద కోపం పోయింది. జనం అంత తొందరగా క్షమిస్తారని నాకు తెలియదు. ఒక్కొక్కరే వచ్చి భుజం తట్టి, చావింట్లో చెప్పినట్టు రెండు మాటలు చెప్పి వెళ్ళారు. సాయంత్రం మా గుమ్మంలో కాల్చిన కోళ్ళు ఏడు. ఒకదానికి బంగాళాదుంపలు కూడా ఉన్నాయి, ఉమ్ ఫాయెజ్ సొంత డబ్బుతో.

ఇంటికొచ్చాక ముంతహా మాడిన గిన్నె చూసింది, అందులో నీళ్ళు మార్చింది. చేతులు కడుక్కుని నా ఎదురుగా కూచుంది.

"ఇరవై తొమ్మిది ఎందుకు తీసేశావు?"

అబద్ధం చెప్పాలని చూశాను. లెక్కలో తేడా వచ్చిందనీ, వర్షమనీ. నోట్లోంచి నిజమే వచ్చింది.

"అలిగినవాళ్ళని ఇక బతిమాలకూడదనుకున్నాను."

"ఎన్నాళ్ళు బతిమాలావు దాన్ని?"

"నాలుగు నెలలు."

"నన్ను?"

"ఒక ఆదివారం," అన్నాను. "మధ్యలో ఫోన్లు కూడా చేశాను. స్నానం అన్నారు."

ఆవిడ కోడి కాలు విరిచి నా పళ్ళెంలో వేసింది. తనకోటి వేసుకుంది.

తర్వాత లేచి నేనే ఫ్రిజ్ జరిపాను. మావగారి ఫొటో మీద గుడ్డ విప్పితే ఆయన ముక్కు మీద బూజు. తుడిచాను. గోడ మీది కాగితాలు తీస్తుంటే సున్నం పెచ్చులు ఊడాయి. ముంతహా కుర్చీ పట్టుకుని నిలబడింది, నేను పడకుండా. "కొంచెం ఎడమకి," అంది. "ఇంకొంచెం. అదీ."

తలగడ ఇంకా సంచీ పక్కనే ఉంది. మంచం మీద పెట్టలేదు.

ఇప్పుడు తీరిగ్గా తారీఖులు చూస్తుంటే తెలిసింది. ఆవిడ తిరిగొచ్చింది ఇరవై తొమ్మిదో తారీఖున. ఈ మాట ఆవిడతో చెప్పదల్చుకోలేదు.

అక్టోబరు 31

తలగడ మంచం మీద ఉంది.

నవంబరు 1, సోమవారం

సకల పునీతుల పండుగ, షాపు మూత. మధ్యాహ్నం ముంతహాకి దగ్గరి చూపు పరీక్ష చేశాను. బుద్ధిగా కూచుని చదివింది. కొలతల చీటీ రాసి మడిచి వెంటనే జేబులో పెట్టేసుకున్నాను.

తర్వాత బర్దౌని ఒడ్డుకి వెళ్ళాం. చలికాలం వస్తోందని సగం హోటళ్ళు బల్లలు లోపల పెట్టేశాయి. మిగిలిన ఒకదాంట్లో నీళ్ళ పక్కన కూచుని కాఫీ తాగాం. చలేసింది. ఆవిడ చలికోటు జూనియెలో మర్చిపోయి వచ్చింది, నాది ఇచ్చాను.

వచ్చేదారిలో జిర్జీ కొట్టు తెరిచి ఉంది. పండగైనా లోటో రోజు కదా. నేను తల తిప్పుకుని నడుస్తున్నాను. ముంతహా ఆగింది.

"ఒక టికెట్టివ్వు జిర్జీ. నేను రాస్తాను. నువ్వు మాట్లాడకూడదు నఖ్లే."

"నేనేం మాట్లాడతాను?"

పెన్ను తీసుకుని గళ్ళు నింపింది. ఒకటి. రెండు. మూడు. నేను కొట్టు బల్ల అంచు పట్టుకున్నాను. నాలుగు. అయిదు. ఆరు.

"చూశావా," అంది సంతోషంగా. "ఇలాంటి నంబర్లు ఇంకెవరూ రాయరు. గెలిస్తే ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు."

జిర్జీ నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను. ఒకటి నుంచి ఆరు దాకా వరసగా రాసేవాళ్ళు ప్రతి డ్రాకీ ఎంతమంది ఉంటారో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. అందరూ ఈ మాటే అనుకుని రాస్తారు. అది గనక తగిలితే కోడి కాదు, కోడిగుడ్డు కూడా రాదు. నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎలా ఉంది?" అంది ముంతహా.

"చాలా బాగుంది," అన్నాను.